పూల కరగానికి ఒక మేనేజర్

సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చేసినా, వాటిలోకి ఇంటర్నెట్ ఇంకా రాని రోజులవి. ఒక వెబ్‌సైటు తెరవాలంటే నెట్ సెంటర్‌కి వెళ్ళి, చెక్క అరలో కూర్చుని, పక్క అరలో ఎవరో చూస్తున్న క్రికెట్ స్కోరు వింటూ ఎదురుచూడాలి. ఆ రోజుల్లో కంప్యూటర్ చెప్పిందంటే మా వైపు జనానికి అది అయ్యవారు పంచాంగం చూసి చెప్పినంత మాట. నేనేమో అప్పుడే ఎంసీఏ ముగించి, మదనపల్లెలో టమోటా మార్కెట్‌కి వెళ్ళే దారిలో ఒక మేడమీద ఉన్న చిన్న ఆఫీసులో ప్రోగ్రామర్‌గా చేరాను. జీతం తక్కువ, గర్వం ఎక్కువ. ప్రపంచంలో నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది తెలుసుకోదగింది కాదని గట్టిగా నమ్మే వయసు. ఆ నమ్మకం ఒక ఎండాకాలపు సాయంత్రం కుప్పం దగ్గర ఒక ఊళ్ళో, వాయిద్యాలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయిన క్షణాన ఆవిరైపోయింది. ఆ కథే ఇది.

మా అమ్మ తమ్ముణ్ణి అందరూ మేళం మామ అంటారు. ఉండేది పుంగనూరులో. జాతరలకి పంబ డోళ్ళు వాయించేవాళ్ళని, నాదస్వరం వాళ్ళని, కరగం ఎత్తేవాళ్ళని కుదిర్చి పంపడం ఆయన పని. పూల కరగం చూడనివాళ్ళ కోసం ఒక మాట: పూలతో గోపురంలా కట్టిన కలశాన్ని ఒక మగమనిషి పసుపు చీర కట్టుకుని, చేతులు తాకించకుండా నెత్తిన మోస్తూ, వాయిద్యానికి తగ్గట్టు అడుగులేస్తూ గుడికి చేరుస్తాడు. అది మధ్యలో పడిందా, ఊరికి మంచిది కాదంటారు. ఎత్తేవాడు ఉపవాసం ఉండాలి, ఒంటికి ఏ అంటూ ఉండకూడదు. దాయాదుల్లో ఎవరన్నా పోతే మైల తీరేదాకా కలశం వైపు చూడనైనా చూడకూడదు. జాతరల కాలంలో మామకి ఇదే పెద్ద తలనొప్పి. ఎవరింట్లో ఎవరు పోయారు, ఎవరికి ఎన్నాళ్ళ మైల, ఎవరు ఏ రోజుకి తేలుతారు, ఇదంతా ఆయన బుర్రలోనే తిరుగుతుండేది. ఒకరోజు మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "అమ్మీ, ఇదంతా మీ కంప్యూటర్లో ఎయ్యలేవా? నా తలకాయ పగిలిపోతాండాది" అన్నాడు. మా ఆఫీసు సారు అప్పుడే పైథాన్‌లో జాంగో అనే కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోమని నా ప్రాణం తీస్తున్నాడు. ఒక దెబ్బకి ఇద్దరూ సంతోషిస్తారని ఒప్పుకున్నాను.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, నాలుగు మాటల్లో ముగిస్తాను. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ప్రతి జాబితా గుమ్మం దగ్గరా మేనేజర్ అని ఒకడుంటాడు. మీరు "అందర్నీ పంపు" అంటే ఆ మాట వినేదీ, లోపలికెళ్ళి మనుషుల్ని తెచ్చేదీ వాడే. మామూలు మేనేజర్ ఉన్నవాళ్ళందర్నీ తోలుకొస్తాడు. మనకి కావాలంటే మన సొంత మేనేజర్‌ని రాసి పెట్టుకోవచ్చు. నేను రాసినవాడు మైలలో ఉన్నవాళ్ళని లోపలే ఆపేసి, మిగిలినవాళ్ళనే బయటికి పంపుతాడు. వాణ్ణి రాసిన రోజు నాకు నేనే వీపు తట్టుకున్నాను (ఆఫీసులో ఇంకెవరూ తట్టలేదు). ఒకే గుమ్మానికి ఇద్దరు మేనేజర్లని కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే ఇద్దర్లో ఎవరి పేరు ముందు రాస్తామో వాడే పెద్ద. పేరు పెట్టి పిలవకపోతే పలికేది వాడే.

మొదట నా మేనేజర్‌నే ముందు రాశాను. అప్పుడేమైందంటే, ఒకసారి మైలలో పెట్టిన మనిషి మామ చూసే జాబితాలోంచే కాదు, నేను మార్పులు చేసే పేజీలోంచి కూడా మాయమైపోయాడు. ఆ పేజీ కూడా పెద్ద మేనేజర్‌నే అడుగుతుందని నాకేం తెలుసు? లోపలికి తోయడమే గానీ మళ్ళీ బయటికి తెచ్చే దారి లేదు. డోలు వాయించే ఒక పెద్దమనిషి మైల తీరి నెల దాటినా ఒక్క జాతరకీ పిలుపు రాక, బస్సెక్కి నేరుగా మా ఆఫీసుకి వచ్చేశాడు. "ఏమ్మా, సచ్చింది మా నాయన. నేను బతికే ఉండాను గదా? నన్నెందుకు తీసేస్తివి?" అని అడిగాడు. సారు ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పెద్దమనిషి అటు వెళ్ళగానే ఆ రెండు వరుసల్నీ తారుమారు చేశాను. మామూలు మేనేజర్ పైన, నావాడు కింద. మొత్తం జాబితా అడిగేచోట నావాణ్ణి పేరు పెట్టి పిలిచాను. చూశాను, మైలవాళ్ళు లేరు. మార్పుల పేజీ చూశాను, అందరూ ఉన్నారు. హమ్మయ్య అనుకుని టీ తాగడానికి వెళ్ళాను. చూడని పేజీ ఒకటి మిగిలిపోయిందని అప్పుడు తోచలేదు.

అది మేళం పేజీ. ఒక మేళం పేరు నొక్కితే ఆ మేళానికి సంబంధించిన మనుషులు వరుసగా వస్తారు. అక్కడ నేను జాబితాని నేరుగా అడగడం లేదు, మేళాన్ని పట్టుకుని దానివాళ్ళని అడుగుతున్నాను. అలా చుట్టరికం పట్టుకుని వెనక తలుపు నుంచి వచ్చినప్పుడు తలుపు తీసేది పెద్ద మేనేజర్. ఆ పెద్ద ఇప్పుడు నావాడు కాదు, మంచీ మైలా తెలియని ఆ మామూలువాడు. మామకేమో నేను ముచ్చటపడి చేసిన మొత్తం జాబితా నచ్చలేదు. ఆయన ఏనాడూ మనుషుల్ని విడిగా కుదిర్చింది లేదు, మేళాన్ని బట్టే మాట్లాడేవాడు. కాబట్టి రోజూ పొద్దున్నే పుంగనూరు బస్టాండు పక్కన నెట్ సెంటర్లో కూర్చుని మేళం పేజీలే చూసేవాడు. పైగా తన వాళ్ళందరికీ ఒక మాట చెప్పిపెట్టాడు: "అంటు తీరిందా లేదా అని నాకు ఫోన్లు సేసి సంపొద్దండప్పా. పేజీలో మీ పేరు ఉందంటే తీరినట్లే. దాన్ని సేసింది మా అక్క కూతురు."

కుప్పానికి అవతల, తమిళనాడు పొలిమేర దగ్గర ఒక ఊళ్ళో గంగమ్మ జాతర. ఆ ఊరి కట్టుబాటు ఏమిటంటే కరగం పొద్దు గూకకముందే గుడి చేరాలి. గూకాక ఎత్తరు, ఎత్తకపోతే ఆ ఏడాది జాతర లేనట్టే. అంతకుముందు కుదిర్చిన ఏజెంటు ఒక ఏడాది మనిషిని పంపలేకపోతే, ఆ తరవాత పొలిమేర ఊళ్ళలో ఒక్కటి కూడా అతణ్ణి గడప తొక్కనివ్వలేదట. ఆ ఊరు మామకి దక్కడం అదే మొదలు. ఇది సవ్యంగా జరిగితే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనవే, జరక్కపోతే పుంగనూరులో కూడా తలెత్తుకోలేడు. అందుకే తన దగ్గరున్న అందరిలోకీ పేరున్నవాణ్ణి కుదిర్చాడు. పూలన్న అంటారు. నెత్తిన కలశం పెట్టుకుని నిచ్చెన ఎక్కి దిగే మనిషి. మామ నన్ను కూడా రమ్మన్నాడు. ఊరి పెద్దలకి చూపించడానికట. "ఇదే ఆ పిల్ల" అని ఒక్కొక్కరికీ పరిచయం చేస్తుంటే నేను ఓణీ సర్దుకుంటూ చిరునవ్వులు పంచాను.

బావి దగ్గర పూలన్నకి పసుపు నీళ్ళు పోస్తున్నారు. పంబలు మోగుతున్నాయి. పుంగనూరు నుంచి బొరుగులు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన గంప దించి, ఆ వైపు చూసి, "ఏమప్పా పూలన్నా, ఈడ ఉండావే? మీ దాయాది దినాలు ఇంకా అయిపోలేదు గదా?" అన్నాడు. పాపం మామూలుగానే అడిగాడు. నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగింది. తరవాత ఒక పంబ ఆగింది, తరవాత అన్నీ ఆగిపోయాయి. ఊరి పెద్దాయన లేచి వచ్చి, "నిజమేనా?" అని అడిగాడు. పూలన్న ఏ తప్పూ చేయనివాడిలా నెమ్మదిగా చెప్పాడు: "దూరపు దాయాది సామీ. మా ఇంట్లో ఒకరు మూడు దినాలు సాలన్నారు, ఒకరు పదకొండు అన్నారు. ఎవురి మాట ఇనాల? అందుకే ఈయనకి ఫోన్ సేసి మైలలో రాయమన్నా. మళ్ళీ పేజీలో నా పేరు ఉండాదని ఈయనే అన్నాడు. కంప్యూటరే తీరిందంటే సరే అనుకుని వస్తిని."

"మా ఊళ్ళో పదకొండే" అన్నాడు పెద్దాయన. మామ నా వైపు తిరిగాడు. ఆ మొహం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం లేదు, అనుమానం కూడా లేదు. "అమ్మీ, నేను సెప్పిన నాడే పూలన్నని మైలలో పెట్టినావు గదా? కంప్యూటర్ తప్పు సెప్పదు గదా?" అని అడిగాడు. పెట్టాను. ఖచ్చితంగా పెట్టాను. మరి పేజీలోకి ఎలా వచ్చాడు? ఊరంతా నా నోటి వైపే చూస్తోంది. "నువ్వు ఏ పేజీ సూసినావు మామా?" అన్నాను. "మేళం పేజీనే." ఆ రెండు వరుసలూ నా కళ్ళముందు నిలబడ్డాయి, పైనొకటీ కిందొకటీ. ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే పొద్దు ఆగదు కదా. "మామా, ఆ పేజీ సరిగా లేదు. సరైంది ఇంకొకటుంది. కుప్పం పోయి సూస్తాను. అంటు లేనివాళ్ళు, ఈ రోజు ఏ ఊరికీ పోనివాళ్ళు ఎవరన్నా ఉంటే తెలుస్తుంది" అన్నాను. పెద్దాయన ఆకాశం వైపు చూసి తన అల్లుణ్ణి పిలిచాడు. "ఈ పాపను బండిమీద తోలుకొని పో."

ఆ అల్లుడు బండిని దెయ్యం పట్టినట్టు తోలాడు. గ్రానైటు లారీల మధ్యలోంచి, దుమ్ములోంచి పోతుంటే నేను వెనక కూర్చుని గంగమ్మకి ఏవేవో మొక్కుకున్నాను (వాటిలో సగం ఇంకా బాకీ). కుప్పంలో నెట్ సెంటర్ ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఇంటర్ ఫలితాలు ఆరోజేనట. పిల్లలు, వాళ్ళ నాయనలు, చేతుల్లో హాల్ టికెట్లు. "ఒక్క నిమిషమన్నా, జాతర ఆగిపోయిండాది" అని నేను బతిమాలితే, "ఈడ నా బతుకే ఆగిపోయిండాది అక్కా" అన్నాడు ఒక పిల్లవాడు. చివరికి వాడి నంబరు కూడా నేనే కొట్టి చూపిస్తానన్న ఒప్పందం మీద కూర్చోనిచ్చారు. వాడు పాసయ్యాడు. వాడి నాయన నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించాడు. ఆ దీవెన అయ్యీ కాకముందే కరెంటు పోయింది. ఓనరు జనరేటరు తాడు లాగుతున్నాడు. అది దగ్గుతుంది గానీ పలకదు. బయట గోడమీది ఎండ పసుపు రంగుకి తిరిగింది.

కంప్యూటర్ మళ్ళీ లేచి పేజీ తెరుచుకునేసరికి గోడమీద ఎండ చారెడే మిగిలింది. ఈసారి మేళం జోలికి పోకుండా నేరుగా జాబితా దగ్గరికే వెళ్ళి, నా మేనేజర్‌నే పిలిచి అడిగాను: కరగం ఎత్తేవాళ్ళు, మైల లేనివాళ్ళు, ఈరోజు ఖాళీగా ఉన్నవాళ్ళు. తెరమీద పైనుంచి కిందికి తెల్లగా దిగుతూ వచ్చింది పేజీ. ఒకే ఒక్క పేరు. చదివాను. మళ్ళీ చదివాను. మా మామ పేరు.

సంగతేమిటంటే, ఈ సైటు మొదలుపెట్టిన రోజున సరిగా పనిచేస్తుందో లేదో చూడటానికి ఎవరో ఒకరి పేరు ఎక్కించాలి. ఎదురుగా మామ ఉన్నాడు. "ఏమి ఎయ్యమంటావు నీ పని?" అంటే, మీసం దువ్వి, "కరగం ఎత్తేవాడని ఎయ్యి. పెండ్లికి ముందు పుంగనూరు వీధుల్లో నేను ఎత్తిన కరగం సూసే మీ అత్త నన్ను సేసుకునింది" అన్నాడు. వేశాను. తీసేయడం మరిచాను. ఆయన్ని ఏ మేళంలోనూ చేర్చలేదు కాబట్టి ఏ మేళం పేజీలోనూ ఆయన పేరు కనిపించలేదు. నేరుగా అడిగినవాళ్ళకే దొరుకుతాడు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

ఫోన్ చేశాను. మామ ఫోన్ తీసింది పెద్దాయన. "సెప్పు పాపా, ఎవురన్నా ఉండారా?" వెనక జనం గొంతులు తగ్గాయి. "ఒకరుండారు" అన్నాను. "ఎంత దూరం?" "మీ పక్కనే ఉండాడు. మా మామ." పెద్దాయన ఆ మాట అక్కడున్నవాళ్ళకి పైకి చెప్పాడు. ఆ తరవాత దూరంగా మామ గొంతు, "నేనా? అది ఉత్త టెస్టింగుకి ఏసింది సామీ! నాకు మోకాళ్ళు..." పెద్దాయన మాట మాత్రం స్పష్టంగా వినిపించింది: "అంటు ఉండాదా నీకు?" "లేదు." "ఈ పొద్దు ఏమన్నా తిన్నావా?" "లేదు. జాతర నాడు కరగం గుడి సేరిందాకా నేను ఏమీ తినను." "యాల తినవు?" "ఎత్తే దినాల్లో అలవాటు సామీ..." అన్నాడు మామ. ఎందుకు తినడో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

నేను తిరిగి వచ్చేసరికి బావి దగ్గర పసుపు చీరలో, మొహానికి పసుపుతో, చేతుల నిండా గాజులతో మామ నిలబడి ఉన్నాడు. మీసం తీయాలా వద్దా అని ఆడవాళ్ళు గొడవపడుతుంటే, "అమ్మకి మీసంతో పని లేదు, పొద్దు పోతాండాది" అని పూజారి కసిరాడు. పొట్ట దగ్గర చీర నిలవక చంకల కిందికి బిగించారు. నవ్వాల్సిన దృశ్యమే. ఒక్కరూ నవ్వలేదు. నన్ను చూసి మామ పళ్ళ బిగువున అన్నాడు: "అమ్మీ, అంతా రాసినావు, ఆ జాబితాలో వయసు యాల రాయలేదే?" పూలన్న దూరంగా, గోడ అవతల నిలబడి అక్కడి నుంచే అరుస్తున్నాడు: "అన్నా, నేలకేసి సూడొద్దు! మెడ కాదు, నడుమే తిప్పాల!"

కలశం నెత్తిన పెట్టారు. పంబలు అందుకున్నాయి. మొదటి అడుగు వేసినప్పుడు ఆ పూల గోపురం ముందుకి ఊగింది, ఊరంతా ఒకేసారి ఊపిరి పీల్చింది. తరవాత అడుగు కుదిరింది. ఆయన్ని నేనెప్పుడూ అలా చూడలేదు. ఫోన్లో అరిచే మామ, టీ అంగడి దగ్గర బేరాలాడే మామ ఎక్కడికో వెళ్ళిపోయి, ఎవరో కుర్రవాడు ఆ లావాటి ఒంట్లోకి దిగినట్టుంది. కానీ గుడి ముందు వీధి ఎత్తు. సగం ఎక్కాక కుడి మోకాలు మడతపడి ఆయన ఆగిపోయాడు. కలశం పక్కకి వాలింది. చేయెత్తి పట్టుకోకూడదు, ఎవరూ తాకకూడదు. పంబ వాయించే ముసలాయన ఒక్కడే దగ్గరికి వచ్చి, దరువు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మార్చాడు. ఆ దరువు మీదే మామ నడుము తిరిగింది, భుజం లేచింది, వాలిన గోపురం అంగుళం అంగుళంగా నిటారయింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి ఆడవాళ్ళు పెద్దగా ఏడుస్తూ కేకలేస్తున్నారు, గుడి గడప మీద మామ కాలు ఉంది, కొండమీద ఇంకా కొంచెం వెలుగుంది.

కలశం దించాక ఆయన గుడి గోడకి ఆనుకుని, గాజుల చేతుల్లో మొహం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎవరికి వాళ్ళం వేరే వేరే కారణాలకి. ఇంటికి వెళ్ళాక అత్త ఆయనకి మోకాళ్ళకి తైలం రాస్తూ మూడూళ్ళకి వినపడేలా తిట్టింది. మర్నాడు నేను మేళం పేజీలో కూడా మైలవాళ్ళు రాకుండా సరిచేశాను. పరీక్ష కోసం వేసిన పేరు తీసేస్తానని ఫోన్ చేస్తే మామ ఒప్పుకోలేదు. "తీసెయ్యొద్దు అమ్మీ. ఉండనీ. ఎవురూ దొరక్కపోతే మళ్ళీ అడుగుతారేమో" అన్నాడు. ఆ ఊరివాళ్ళు మరుసటేడాది పూలన్నని పంపితే, ఆ మీసాలాయన రాలేదా అని అడిగారట. ఈ మాట మామ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ తరవాత నేను మదనపల్లెలో బస్సెక్కి బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాను. అయినా ఆ సైటు బాధ్యత నాదే. ఒకరోజు పొద్దున ఆఫీసులో మీటింగులో ఉంటే మామ ఫోన్. ఏదో పేరు ఎక్కించమంటాడనుకుని బయటికి వచ్చి తీశాను. గొంతు సరిచేసుకుని, "అమ్మీ, నన్ను మైలలో పెట్టు" అన్నాడు. అమ్మమ్మ పోయిన సంగతి నాకు అలా తెలిసింది.

ఏడుస్తూనే నా సీటు దగ్గరికి వెళ్ళి, మార్పుల పేజీ తెరిచి, మామ పేరు పక్కన మైల టిక్కు పెట్టాను. పెట్టి లేచి బస్సుకి పరిగెత్తవచ్చు కదా. లేదు. మొత్తం జాబితాలో చూశాను, ఆయన లేడు. మేళాల పేజీలు ఒక్కొక్కటే తెరిచి చూశాను, ఏ మేళానికీ చెందని మనిషి వాటిలో ఎలాగూ ఉండడని తెలిసి కూడా. మార్పుల పేజీలో చూశాను, అక్కడ ఉన్నాడు. అప్పుడు లేచాను. కళ్ళు తుడుచుకుంటూ, మేనేజర్లు ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళు సరిగా నిలబడ్డారో లేదో చూసుకుంటున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. దినాలు ముగిశాక టిక్కు తీసేసి నేనే ఫోన్ చేశాను. "వచ్చేసినానా?" అన్నాడు మామ. "వచ్చేసినావు మామా" అన్నాను.